ఇవ్వని పాలు

రోషన్ బీ జన్మలో ఒక్కటే అబద్ధం ఆడిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మంత్రసాని అబద్ధాలు ఆడకుండా ఎలా బతుకుతుంది? నొప్పులు పడుతున్న పిల్లతో "అయిపోయింది తల్లీ, ఇంకొక్కసారి" అని పదిసార్లు చెప్పాలి. నాలుగో ఆడపిల్ల పుట్టినప్పుడు గుమ్మంలో మొహం మాడ్చుకుని నిలబడ్డ అత్తగారితో "అచ్చం మీ పోలికేనండీ" అనాలి. బందరు ఇనకుదురుపేటలో ముప్ఫై ఏళ్ళపాటు సగం మంది పిల్లల బొడ్డు కోసిన చెయ్యి ఆమెది. సాయిబుల ఇల్లయినా, పక్కవీధి హిందువుల ఇల్లయినా, నొప్పులు మొదలయ్యాయంటే ముందు రోషన్ బీ కోసం మనిషిని పంపేవాళ్ళు. అలాంటి మనిషి ఆడిన అబద్ధాలు లెక్కపెట్టడం మన వల్లయ్యే పని కాదు. ఖురాను మీద చెయ్యి వేసి ఆడింది మాత్రం ఒక్కటే.

ముందు దాని వెనకున్న పగ సంగతి చెప్పాలి. రోషన్ బీ ఇంటికి మూడిళ్ళ అవతల మెహబూబ్ బీ అని ఒక దర్జీ భార్య ఉండేది. ఆమె తొలికాన్పు రోషన్ బీయే చేసింది. పిల్లాడు మెడకి పేగు చుట్టుకుని పుట్టాడు. రోషన్ బీ తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, చన్నీళ్ళలో ఒకసారి వేణ్ణీళ్ళలో ఒకసారి ముంచింది. పిల్లాడు ఏడవలేదు. నలభై రోజులు గడిచాక మెహబూబ్ బీ నీళ్ళకి నూతి దగ్గరకొచ్చి, పది మంది ఆడవాళ్ళ మధ్య "ఇదిగో, నా కొడుకుని చంపిన చేతులు" అంది. రోషన్ బీ మారు మాట్లాడలేదు. ఇద్దరూ అక్కడే జుట్లు పట్టుకుని ఉంటే ఆ పూటతో తీరిపోయేది. బిందె ఎత్తుకుని ఇంటికొచ్చేసింది, అదే పొరపాటు. ఆ మాట ఆమె కడుపులోనే ఉండిపోయింది.

రెండేళ్ళకి మెహబూబ్ బీకి మళ్ళీ నెలలు నిండాయి. పేటలో ఇంకో మంత్రసాని లేదు. దర్జీ స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడి బతిమాలాడు. రోషన్ బీ వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది, లతీఫా అని పేరు పెట్టారు. తల్లికి పురిటిజ్వరం పట్టుకుని పదిహేను రోజులు ఒంటిమీద స్పృహ లేదు. సరిగ్గా అదే నెలలో రోషన్ బీకి పుట్టిన ఆడపిల్ల వారం తిరక్కుండానే పోయింది. రొమ్ముల నిండా పాలు. చేతుల్లో పరాయి పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఇస్తే ఆ పిల్లకీ ఆకలి తీరేది, తనకీ సలపరం తగ్గేది. రోషన్ బీ రొమ్ములు గుడ్డతో బిగించి కట్టుకుంది. ఆవుపాలలో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోసింది. పాలు గడ్డకట్టి తనకే జ్వరం వచ్చింది, చంకల్లో బిళ్ళలు కట్టాయి. అయినా చుక్క ఇవ్వలేదు. చంపిన చేతులన్నారు కదా, ఆ చేతులతో ఈ మాత్రం చేయడమే ఎక్కువ అనుకుంది. లతీఫా మాత్రం బతికింది. కొందరు పిల్లలు మొండిగా పుడతారు.

అప్పటికి రోషన్ బీ ఒక్కగానొక్క కొడుకు ఖుద్దూస్‌కి నాలుగేళ్ళు. ఆ తరవాత ఆమెకి మళ్ళీ పిల్లలు పుట్టలేదు. అదే ఖుద్దూస్ ఇరవై మూడో ఏట, దర్జీ కూతురు లతీఫాని చేసుకుంటానని తండ్రితో చెప్పాడు. తండ్రి అబ్దుల్ జబ్బార్ బట్టలకి అద్దకం వేసే పనివాడు, ఎవరేం చెప్పినా "కానీయండి" అనే మనిషి. ఆయన సంబరంగా వచ్చి భార్యతో చెప్పాడు. ఆమె కాదనలేదు, ఔననలేదు. ఔను అనలేదని ఆయన గమనించలేదు.

పెద్దలు కూర్చుని మాట ఖాయం చేసుకునే రోజున ఖాజీగారు కూడా వచ్చారు. మగవాళ్ళు వసారాలో, ఆడవాళ్ళు పరదా వెనక. మంచిరోజు ఏదని ఖాజీగారు అడుగుతుండగా పరదా వెనక నుంచి రోషన్ బీ గొంతు వినపడింది.

"ఈ నికా కుదరదండీ. ఆ పిల్ల నా పాలు తాగింది."

ఒక తల్లి పాలు తాగిన పిల్లలు ఆమె కడుపున పుట్టకపోయినా ఆమె బిడ్డలే. వాళ్ళూ ఆమె కన్నబిడ్డలూ అన్నాచెల్లెళ్ళే, వాళ్ళ మధ్య పెళ్ళి హరాం. ఇది ముసల్మాను ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు ఖాజీగారు.

"ఇక్కడిదాకా వస్తుందని ఎవరనుకున్నారండీ? తల్లి జ్వరంలో పడుంది. నా పిల్ల పోయి నాకు పాలున్నాయి. ఏడుస్తున్న పిల్లకి ఇవ్వక ఏం చేస్తాను?"

తాను ఏది చేయలేదో అదే చేసినట్టు చెప్పుకుంది. నమ్మని వాళ్ళెవరు? పురుడు పోసిందీ ఆమే, ఆ నెలలో ఆమె బిడ్డ పోయిందన్నదీ నిజమే. ఖాజీగారు ఖురాను తెప్పించి పరదా కింద నుంచి లోపలికి పంపారు. రోషన్ బీ కుడిచెయ్యి దాని మీద పెట్టి ప్రమాణం చేసింది. పక్కనే మెహబూబ్ బీ కూర్చుని ఉంది. లేచి గొంతు చించుకుంటుందని, నూతి దగ్గర జరగాల్సిన పోట్లాట ఇప్పుడు జరుగుతుందని రోషన్ బీ సిద్ధంగా ఉంది. మెహబూబ్ బీ ఒక్కసారి ఆమె కళ్ళలోకి చూసి, తల మీద కొంగు సర్దుకుని ఊరుకుంది. జ్వరంలో ఏం జరిగిందో దానికేం తెలుసు, నమ్మేసింది అనుకుంది రోషన్ బీ.

ఖుద్దూస్ తల్లి మీద అరవలేదు. అరిచినా బాగుండేది. రెండేళ్ళుగా తాను ఆ పిల్ల వైపు ఏ చూపు చూశాడో తల్చుకుని తన మీద తనకే అసహ్యం వేసింది వాడికి. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. తరవాత ఒక సంచీలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాడు.

"ముందే చెప్పుంటే నేను అటు చూసేవాణ్ణి కాదు కదమ్మీ" అన్నాడు గుమ్మంలో. అంతే. చల్లపల్లి మీదుగా వెళ్ళే అవనిగడ్డ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

నాగాయలంకలో పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడని తెలిసింది. పెళ్ళి చేసుకోలేదు. పెళ్ళి మాట ఎత్తితేనే లేచి వెళ్ళిపోతాడట. అయిదుపూటలా నమాజు, గడ్డం, ఎవరితోనూ ఎక్కువ మాట లేదు. తండ్రి పోయినప్పుడు ఒక్కసారి వచ్చాడు. జనాజాకి భుజం పట్టి, మట్టి వేసి, సాయంకాలం బస్సుకే తిరిగి వెళ్ళాడు. తల్లితో మాట్లాడింది నాలుగు ముక్కలు. లతీఫాని గుడివాడలో గిన్నెలకి కళాయి వేసే వాడికిచ్చి చేశారు.

ఇక రోషన్ బీ సంగతి. ఖురాను మీద అబద్ధపు ప్రమాణం చేస్తే చెయ్యి పడిపోతుందని, నోరు వంకరపోతుందని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. చాలా రోజులు పొద్దున లేవగానే వేళ్ళు ముడిచి చూసుకునేది. ఏమీ కాలేదు. చెయ్యి బాగానే ఉంది, దానితోనే ఇంకో రెండొందల కాన్పులు చేసింది. ఏడాదికి భయం పోయింది, భయంతో పాటు నమ్మకం కూడా పోయింది. పైన ఎవరైనా ఉంటే ఇంత అబద్ధానికి ఊరుకుంటాడా? ఎవరూ లేరు. రంజాను వస్తే ఉపవాసం ఉన్నట్టు నటించి వంటింట్లో టీ తాగేది. నమాజు అంటే మోకాళ్ళ నొప్పులనేది. కొడుకు పోయాడన్న కసి మాత్రం రోజూ ఉండేది. ఆ కసి ఎవరి మీదో ఆమెకే తెలియదు, దొరికిన వాళ్ళందరి మీదా చూపించేది. పేటలో ఆడవాళ్ళు పురుడు కోసం ఆసుపత్రికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాక ఆమె గడప తొక్కేవాళ్ళే తగ్గిపోయారు.

గుడివాడలో లతీఫా మొగుడు క్షయతో పోయాడు. మరుదులు ఆమెనీ, ఎనిమిదేళ్ళ కూతురు షహనాజ్‌నీ ఇంట్లో ఉండనివ్వలేదు. పుట్టింట్లో అప్పటికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. సంగతి నాగాయలంకకి తెలిసింది. ఖుద్దూస్ గుడివాడ వెళ్ళి పెద్దల మధ్య నిలబడ్డాడు. "నేను దాని పాలు పంచుకున్న అన్నని. అన్న ఉండగా అది వీధిన పడదు" అన్నాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య పరదా అక్కర్లేదు, ఒకే ఇంట్లో ఉంటే తప్పులేదు. ఎవరూ కాదనలేదు. తల్లినీ పిల్లనీ వెంటబెట్టుకుని నాగాయలంక తీసుకెళ్ళాడు. చేపలమ్మే వీరమ్మ ఈ కబురు మోసుకొచ్చి "ఎంత మంచి కొడుకుని కన్నావు బీబీ!" అని మెచ్చుకుంది. రోషన్ బీ ఆ రోజు చేపలు కొనకుండా తలుపేసుకుంది.

అలా పదేళ్ళు గడిచాక ఉప్పెన వచ్చింది. కార్తీకమాసం, శనివారం. బందరులోనే ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, రోషన్ బీ ఇంటి పెంకులు సగం వీధిలో పడ్డాయి. రెండోరోజు నుంచీ దివిసీమ కబుర్లు రావడం మొదలైంది. ఊళ్ళకి ఊళ్ళు లేవన్నారు. సముద్రం తాటిచెట్టంత ఎత్తున వచ్చిందన్నారు. నాగాయలంక ఏమైందని అడిగితే ఒకడు ఉందన్నాడు, ఒకడు లేదన్నాడు. రోషన్ బీ రోజూ పొద్దున్నే బస్టాండుకి వెళ్ళి, దివిసీమ వైపు నుంచి వచ్చే ప్రతి లారీ దగ్గరికీ పరిగెత్తి "పెట్రోమాక్స్ ఖుద్దూస్‌ని చూశారా బాబూ" అని అడిగేది. ఎవరికీ తెలియదు. వచ్చిన వాళ్ళ మొహాలు చూస్తే రెండోసారి అడగబుద్ధయ్యేది కాదు.

అయిదోరోజు పొద్దున ఆమె బస్టాండుకి వెళ్ళలేదు. పెంకులు లేని ఇంట్లో తడిసిన మంచం మీద కూర్చుని, ఇరవై మూడేళ్ళ తరవాత దేవుడితో మాట్లాడింది. చేతులు పైకెత్తలేదు, కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోలేదు. ఎదుటివాడితో తగువు పెట్టుకున్నట్టే మాట్లాడింది.

"నువ్వు ఉన్నావని నాకు నమ్మకం లేదు. ఉంటే నన్ను ఇన్నాళ్ళు వదిలేవాడివి కాదు. ఒకవేళ ఉంటే, నా కొడుకుని ప్రాణాలతో తీసుకొచ్చి నా గుమ్మంలో నిలబెట్టు. ఆ రోజు చెప్పింది అబద్ధమని నా నోటితో నేనే వాడికి చెబుతాను. ఇది మొక్కు."

ఎనిమిదోరోజు మధ్యాహ్నం ఖుద్దూస్ గుమ్మంలో నిలబడ్డాడు. గడ్డం నెరిసిపోయింది, ఎవరో ఇచ్చిన చొక్కా భుజాల దగ్గర బిగుతుగా ఉంది. వెనకాల లతీఫా, ఆమె చెయ్యి పట్టుకుని పద్దెనిమిదేళ్ళ షహనాజ్. ఇల్లు కూలితే పక్కింటి డాబా మీద పడుకుని ప్రాణాలు దక్కించుకున్నారట. కొట్టు లేదు, ఇల్లు లేదు. బందరు కూడా కొట్టుకుపోయిందని ఎవరో చెబితే తల్లి శవమైనా దొరుకుతుందేమోనని వచ్చాడు.

"బతికే ఉన్నావా అమ్మీ?" అన్నాడు. ఆ నెరిసిన గడ్డంతో ఆమె ఒళ్ళో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. "ఇన్నాళ్ళు నిన్ను వదిలేశాను. నాది తప్పు. నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు.

చెప్పాల్సిన క్షణం అదే. రోషన్ బీ నోరు తెరిచింది కూడా. వాడి తల నిమురుతూ రేపు చెబుదాం, వాడు ముందు కడుపునిండా తిననీ అనుకుంది. ఆ సాయంత్రం వజూ చేసుకుని, మర్చిపోయిన ఖురాను సూరాలు లతీఫాని అడిగి చెప్పించుకుని నమాజు చదివింది. దేవుడు ఉన్నాడు. అందులో ఆమెకి ఇక రవ్వంత అనుమానం లేదు. అందుకే ఆమెకి నిద్ర పట్టడం మానేసింది. లేనివాడికి మొక్కు ఎగ్గొట్టొచ్చు, ఉన్నవాడికి ఎలా ఎగ్గొడతారు?

రేపు ఎల్లుండయింది, ఎల్లుండి ఏడాదయింది. ఖుద్దూస్ కోనేరు సెంటర్ దగ్గర స్టవ్వులు బాగుచేసే పని చూసుకున్నాడు. ఇల్లు కప్పించాడు. రోజూ పనికి వెళ్ళేముందు తల్లికి కాళ్ళు ఒత్తి వెళ్ళేవాడు. లతీఫా ఆమెని "అమ్మీ" అని పిలిచేది, షహనాజ్ అమ్మమ్మని పిలిచినట్టు "నానీ" అనేది. ఆ ఇంట్లో ఇరవై ఏళ్ళకి పైగా లేని నవ్వులు వినపడ్డాయి. ముసల్ది కసురుకోవడం మానేసిందని, రాత్రీపగలూ తస్బీహ్ మాల తిప్పుతోందని పేటంతా చెప్పుకుని ముచ్చటపడింది. ఆమె దేనికి తిప్పుతోందో వాళ్ళకేం తెలుసు! భోజనాల దగ్గర ముగ్గురూ నవ్వుతుంటే చూడ్డం ఆమెకి నరకంగా ఉండేది. ఒక్క మాటతో ఆ కంచాల ముందు నుంచి ముగ్గురినీ లేపేయగలదు. అనకపోతే దేవుడి ముందు నిలబడలేదు.

రంజాను వెళ్ళాక కడుపులో నొప్పి మొదలైంది. ఆసుపత్రిలో చూసి కాలేయంలో గడ్డ ఉందన్నారు, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోమన్నారు. ఎన్నాళ్ళో ఆమె అడగలేదు. పురుళ్ళు పోసిన మనిషికి వచ్చే వేళా తెలుసు, పోయే వేళా తెలుసు.

అదే సమయంలో షహనాజ్‌కి గుడివాడ నుంచి సంబంధం వచ్చింది. కుర్రాడికి సైకిల్ కొట్టు ఉంది, బుద్ధిమంతుడు. వాళ్ళ పెదనాన్న మాత్రం పట్టింపుల మనిషి. పిల్లని చూశాక ఆయన గొంతు సవరించుకుని, మంచం మీదున్న రోషన్ బీ వైపు తిరిగాడు.

"ఏమీ అనుకోకండమ్మా. లతీఫా బీ పదేళ్ళకి పైగా ఖుద్దూస్ భాయి ఇంట్లో ఉంటోంది. తోడబుట్టినవాడు కాదు కదా అని మా ఊళ్ళో నలుగురూ అంటున్నారు. పాలిచ్చింది మీరేనట. మీ నోటితో ఒక మాట వింటే మాకు నిశ్చింత."

ఔనంటే మళ్ళీ అబద్ధం, ఈసారి దేవుడున్నాడని తెలిసి ఆడే అబద్ధం. కాదంటే ఈ పిల్ల పెళ్ళి ఆగిపోతుంది, ఖుద్దూస్, లతీఫా ఇద్దరూ పదేళ్ళు తప్పులో బతికినవాళ్ళవుతారు. రోషన్ బీ పెదవులు కదిపింది. ఇంతలో టీ కప్పుల పళ్ళెంతో లతీఫా గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మీకి మాట్లాడితే ఆయాసం వస్తుందండీ. నేను చెబుతాను. ఆవిడ పాలు తాగే నేను బతికాను. ఆ రోజు ఆవిడ ఇవ్వకపోతే నేను లేను" అంది రోషన్ బీ కళ్ళలోకి సూటిగా చూస్తూ. "ఔనా అమ్మీ?"

రోషన్ బీ తల ఊపింది. పెదనాన్న టీ తీసుకున్నాడు. సంబంధం ఖాయమైంది.

ఆ మర్నాడు ఆమె మసీదులో నమాజు చేయించే పేష్ ఇమాంగారిని పిలిపించింది. వేరే ఎవరి కథో అన్నట్టు అడిగింది. ఒక ఆవిడ అబద్ధపు ప్రమాణం చేసి ఇద్దరి పెళ్ళి చెడగొడితే, తరవాత ఏడ్చి, తప్పయిందని తౌబా చేసుకుంటే దేవుడు మాఫ్ చేస్తాడా? ఇమాంగారు చిన్నవాడు, చదువుకున్నవాడు, ఆలోచించి చెప్పాడు. దేవుడికి చేసిన తప్పు దేవుడు మాఫ్ చేస్తాడమ్మా, మనుషులకి చేసిన తప్పు ముందు ఆ మనుషులే మాఫ్ చేయాలి. వాళ్ళు బతికుంటే వాళ్ళకి చెప్పుకుని అడగమనండి. ఆయనకి పాపం ఏమీ తెలియదు. టీ తాగి, దువా చేసి వెళ్ళిపోయాడు.

పెళ్ళి మాటలకి ఖుద్దూస్ షహనాజ్‌ని వెంటబెట్టుకుని రైల్లో గుడివాడ వెళ్ళిన రోజు, ఇంట్లో ఇద్దరే ఉన్నారు. లతీఫా వేణ్ణీళ్ళు తెచ్చి ముసలామెకి ఒళ్ళు తుడుస్తోంది. రోషన్ బీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కొడుక్కి చెప్పే ధైర్యం లేక ముందు ఈమెకి చెబుదామనుకుంది.

"నేను నీకు పాలివ్వలేదు" అంది. "నీ నోటికి అందనివ్వకుండా గుడ్డ కట్టుకున్నాను. నాకున్నా ఇవ్వలేదు. ఖురాను మీద చెయ్యేసి అబద్ధం చెప్పాను."

లతీఫా చెయ్యి విడిపించుకుని గుడ్డ నీళ్ళలో ముంచి పిండింది. మొహంలో ఏ ఆశ్చర్యమూ లేదు.

"నాకు తెలుసు" అంది.

రోషన్ బీకి అర్థం కాలేదు.

"మా అమ్మ పోయేముందు చెప్పింది. పదిహేను రోజులూ ఆవిడకి ఒళ్ళు తెలియలేదనుకున్నావా? మధ్యమధ్యలో తెలివి వచ్చేది. నువ్వు రవిక విప్పి గుడ్డ బిగించుకోవడం చూసిందట. ఆ రోజు ఖాజీగారి ముందు నువ్వు అబద్ధం చెబుతున్నావని ఆవిడకి తెలుసు. నీ కొడుక్కి పిల్లనివ్వడం ఆవిడకీ ఇష్టం లేదు, అందుకని నీ అబద్ధంలో దూరి కూర్చుంది. మీ ఇద్దరి పోట్లాట మీరు పోట్లాడుకోకుండా మా ఇద్దరి మీద తీర్చుకున్నారు."

"తెలిసి కూడా వాడితో నాగాయలంక వెళ్ళావా?"

"వెళ్ళాను. ఆయన గుమ్మంలోకొచ్చి 'నీ అన్నని వచ్చాను, పద' అన్నారు. కాదు, మనం ఏమీ కామని చెబితే ఆయన అక్కడి నుంచే తిరిగి వెళ్ళిపోయేవారు. నా పిల్లతో నేను వీధిలో ఉండేదాన్ని. అందుకని భాయీ అని పిలిచాను." ఇంట్లో నలుగురిలో ఎప్పుడూ 'భాయి' అనే లతీఫా ఇప్పుడు 'ఆయన' అంటోంది. "పదేళ్ళు దాటింది. పొద్దునా సాయంత్రం అన్నం పెడుతున్నాను, బట్టలు ఉతుకుతున్నాను. ఉప్పెన రోజు డాబా మీద మమ్మల్నిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని పడుకున్నారు. పక్కనే ఉన్నారు, అన్నలాగా ఉన్నారు. ఆ పిలుపు నా గొంతులో ఎన్నిసార్లు అడ్డం పడిందో నీకేం తెలుసు?"

"వాడికి చెబుతాను లతీఫా. ఇప్పటికైనా మీరిద్దరూ..."

"ఇప్పటికైనా ఏంటి? ఆయన సంగతి నీకు తెలీదా? చెబితే ఆయనకి ముందు గుర్తొచ్చేది పెళ్ళి కాదు, పదేళ్ళు పరాయి ఆడదానితో ఒకే కప్పు కింద ఉన్నాననేది. ఒకసారి సిగ్గుతో ఇల్లు వదిలి వెళ్ళిన మనిషి. మళ్ళీ వెళ్ళిపోతారు. గుడివాడ వాళ్ళు నా పిల్లని వద్దంటారు. నీ మొక్కు తీరుతుంది, నువ్వు హాయిగా పోతావు. మేం ముగ్గురం ఏమైపోవాలి?"

"నువ్వైనా మాఫ్ చేశానను" అంది రోషన్ బీ. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి చేతులు జోడించింది.

లతీఫా తడిగుడ్డతో ఆమె పాదాలు తుడిచి, వేళ్ళ సందులు కూడా శుభ్రంగా తుడిచి, దుప్పటి కప్పింది.

"నీకు సేవ చేస్తాను, ఏ లోటూ రానివ్వను. మాఫ్ మాత్రం చెయ్యను. ఆయనకి చెప్పొద్దు. నీ పాపం నీతోనే తీసుకెళ్ళు" అని నీళ్ళ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

షహనాజ్ పెళ్ళి గుడివాడలో జరిగింది. రోషన్ బీ వెళ్ళలేకపోయింది. పెళ్ళికూతురు వచ్చి నానీ కాళ్ళ దగ్గర కూర్చుని గాజులు చూపించి వెళ్ళింది. ఆ తరవాత ముసలామె మాట దాదాపు ఆగిపోయింది. కళ్ళు మాత్రం కొడుకు వెంట తిరిగేవి. ఖుద్దూస్ పని మానేసి మంచం పక్కనే ఉన్నాడు. తల్లి అంత భక్తిగా, అంత నెమ్మదిగా పోతోందని చూసి వాడికి ఏడుపు వచ్చినా మనసులో తృప్తిగా ఉండేది. ఇన్నేళ్ళు పోగొట్టుకున్నా చివరికి అమ్మ దొరికిందని వచ్చినవాళ్ళకి చెప్పేవాడు.

ఒక శుక్రవారం పొద్దున ఊపిరి మారింది. పేటలో ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూర్చున్నారు, ఒకామె ఖురానులోంచి యాసీన్ సూరా చదువుతోంది. ఖుద్దూస్ మోకాళ్ళ మీద తల్లి మొహం దగ్గరికి జరిగాడు. తల్లి పోతున్నప్పుడు బిడ్డలు అడగాల్సిన మాట ఒకటుంది. తాగిన పాలు మాఫ్ చేయమని అడగాలి. తల్లి నోటితో మాఫ్ చేశాననాలి. అది లేకుండా తల్లిని మట్టికి పంపితే బిడ్డకి మంచిది కాదంటారు.

"అమ్మీ" అన్నాడు ఖుద్దూస్. "నీ పాలు మాఫ్ చెయ్యి. నాకూ మాఫ్ చెయ్యి, లతీఫాకీ మాఫ్ చెయ్యి."

రోషన్ బీ కళ్ళు తెరిచింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఓపిక, వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకు... మాఫ్ చేశాను" అంది స్పష్టంగా. యాసీన్ చదివే ఆమె కూడా ఆగింది. "లతీఫాకి... లతీఫాకి నేను..."

ఇంకాసేపట్లో తాను ఎవరి ముందు నిలబడబోతోందో ఆమెకి తెలుసు. ఈ ఒక్కటి చెప్పేస్తే చాలు. పిల్లలు ఏమైపోయినా సరే, తాను బయటపడాలి. ఆ భయంతో ఆమె మొహమంతా ముడుచుకుపోయింది. లతీఫా అప్పటికే మంచం పక్కకి వచ్చేసింది. చేతిలో మక్కా నుంచి వచ్చిన జంజం నీళ్ళ చెంచా ఉంది.

"నేను దానికి..." అంది రోషన్ బీ.

లతీఫా చెంచా ఆమె పెదాల మధ్య పెట్టి నీళ్ళు వంచింది. మాట నీళ్ళతో పాటు గొంతులోకి పోయింది. ముసలామె కళ్ళు పెద్దవి చేసి లతీఫానే చూసింది. లతీఫా ఇంకో చెంచా పోసింది, ఇంకొకటి పోసింది, కొంగుతో మూతి తుడిచింది. మూడో చెంచా నీళ్ళు గొంతు దిగకుండానే మూతి పక్కనుంచి కారిపోయాయి.

"మాఫ్ చేసింది" అంది లతీఫా, చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి. "నాక్కూడా మాఫ్ చేశానంది. మీరందరూ విన్నారు కదా?"

విన్నామన్నారు అందరూ. ఖుద్దూస్ తల్లి చేతిని కళ్ళకి అద్దుకుని, చెల్లెలి తల మీద చెయ్యి వేసి ఏడ్చాడు.